పెంకు వదలని గుడ్లు

ఢిల్లీలో ద్వారకా వైపు బాబాయి వాళ్లింట్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్న నేను, ఆఫీసుకు దగ్గరని ఇందిరాపురంలో ఫ్లాట్ తీసుకున్నప్పుడు పిన్ని ఒక్కటే షరతు పెట్టింది.

"ఓ ఆదివారం భోజనానికొస్తాను. నువ్వే వండాలి. తిండి సరిగ్గా లేదనిపించిందా, పెట్టె సర్దుకుని నాతో వచ్చేయాలి."

అమ్మ ఆ తీర్పుకు ముందే ఒప్పేసుకుంది. మళ్లీ రోజూ మెట్రోలో ఢిల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు తిరగడం తలుచుకుంటేనే నాకు నీరసం వచ్చింది. ఎలాగైనా నెగ్గాలి.

వంట గుడ్ల పులుసు అని నిర్ణయించాను. నాకొచ్చిన వంటల్లో అన్నంలోకి పనికొచ్చేది అదొక్కటే.

పిన్ని చెప్పిన ఆదివారం దసరా మర్నాడు పడింది. నవరాత్రుల్లో మా సొసైటీ గేటు దగ్గరి గుడ్ల కొట్టు మూసేస్తారు. అందుకని నేనూ, నాతో ఉండే వరంగల్ మిత్రుడూ పండుగకు ముందే ఓ ట్రే కొని ఫ్రిజ్‌లో పెట్టుకున్నాం. వాటిలో కొన్ని మిగిలాయి. చదివింది కెమికల్ ఇంజనీరింగ్ కాబట్టి ఊరుకోలేక, ఒక్కొక్కటీ గ్లాసు నీళ్లలో వేసి చూశాను. మునిగాయి గానీ, అడుగున నిటారుగా నిలబడ్డాయి. నిల్వ ఉన్నకొద్దీ పెంకులోని సన్నని రంధ్రాల్లోంచి తేమ పోయి, లోపలి గాలి గది పెద్దదవుతుంది. తినడానికి ఇబ్బందేమీ లేదు. కానీ అంతకుముందు రోజు బుల్స్ ఐ వేస్తే పచ్చసొన ఉబ్బుగా నిలబడక పెనమంతా పరుచుకుంది. పిన్నికి ఇలాంటివి పెట్టడమా?

ఆదివారం పొద్దున కొట్టు తెరవగానే వెళ్లాను.

"తాజా హై నా, భయ్యా?"

"అరే, ఆజ్ సుబహ్ హీ ఆయా హై!" ఆ పొద్దున్నే వచ్చిన సరుకని కొట్టువాడి హామీ.

డజను తెచ్చి మళ్లీ గ్లాసు పరీక్ష పెట్టాను. అన్నీ హాయిగా అడ్డంగా పడుకున్నాయి.

"గుడ్లకు గూడ ఇంటర్వ్యూ వెడ్తున్నవారా?" అన్నాడు మిత్రుడు.

"పాతవి నువ్వు తినెయ్."

"గంతే తియ్. చుట్టానికి కొత్తయి, నాకు పాతయి," అని గొణుగుతూ మిగిలినవన్నీ వేరే గిన్నెలో ఉడకేసుకున్నాడు.

పులుసు మరుగుతోంది. కొత్త గుడ్లు ఆరు ఉడికించి ఒలవబోతే పెంకుతోపాటు తెల్లసొన కూడా ముక్కలుగా ఊడొచ్చింది. చన్నీళ్లలో వేశాను, కుళాయి కింద పెట్టాను, చెంచా దూర్చాను. ఆరింటిలో ఒక్కటీ దక్కలేదు. పక్కనే వాడి గుడ్లు మాత్రం చొక్కా విప్పినంత తేలిగ్గా పెంకు వదిలేస్తున్నాయి.

"నీ గుడ్లకు అమ్మోరు వోసిందిరా," అన్నాడు వాడు.

అప్పుడు వెలిగింది. తాజా గుడ్డులో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. నిల్వలో అది మెల్లగా బయటికి పోతే తెల్లసొన క్షారగుణం పెరిగి, లోపలి పొరను అంటిపెట్టుకోవడం తగ్గుతుంది. ఇంత తెలిసీ ఆరు గుడ్లు పాడుచేశాను.

"నీవి ఇచ్చెయ్‌రా."

"ఇస్త. వారం దినాలు గిన్నెలు నువ్వే తోమాలె."

ఒప్పుకున్నాను. వాటికి గాట్లు పెట్టి పులుసులో వేస్తుండగా బెల్ మోగింది.

పిన్ని పులుసు కలుపుకుని రెండు ముద్దలు తిన్నది. గుడ్డు రెండుగా తుంచింది.

"ఏరా, ఇవి పాతవి కదూ? సొన ఓ పక్కకి ఒరిగిపోయింది చూడు."

మిత్రుడు కంచంలోకి తల వంచేశాడు. నేను వంటింట్లోంచి ముక్కల గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టి, జరిగిందంతా చెప్పాను, కార్బన్ డయాక్సైడ్‌తో సహా. పిన్ని గిన్నె వంకా నా వంకా చూసి పకపకా నవ్వింది.

"నాకోసం తాజావి తెచ్చి ఇలా చంపావా? ఇప్పుడు వీటినేం చేస్తావ్?"

ఉల్లిపాయలు, పచ్చిమిర్చి తరిగి, ఆ ముక్కలన్నీ వేసి వేపుడు చేశాను. పిన్ని మారు వడ్డించుకుంది. చెయ్యి కడుక్కోగానే అమ్మకు ఫోన్ చేసింది.

"అక్కా, మీవాడు బానే తింటున్నాడు. పులుసు ఫర్వాలేదు, వేపుడు మాత్రం భలే ఉంది. గుడ్డు ఒలవడమే రాదు పాపం."

"మరి పెట్టె?" అన్నాను.

"పెట్టె నీ దగ్గరే ఉంచుకో. ఆ మిగిలిన కొత్త గుడ్లు ఇటివ్వు. రేపు మీ బాబాయికి బుల్స్ ఐ వేస్తాను."