లెక్కపెట్టడానికి ఒక మనిషి

శనివారం ఉదయం తొమ్మిదిన్నరకు కర్నూలు సిటీ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద నా తరఫున ఉన్నవి ఇవి: పెడల్స్ ఊడదీసి గోనెగుడ్డలో చుట్టిన గేర్ల సైకిల్ ఒకటి, గాలి పంపు, హెల్మెట్, ఈత కళ్లద్దాలు, పరుగు బూట్లు, రెండు జతల బట్టలు, డజను అరటిపళ్లు, మర్నాటి పోటీ నిబంధనలు అచ్చు తీయించిన కాగితాలు. ఉన్నవాళ్లు: నేను.

పోటీ పేరు ట్రయాథ్లాన్. ముందు ఈత, ఆ తడి బట్టలతోనే సైకిల్, సైకిల్ దిగిన వెంటనే పరుగు. హైదరాబాద్‌లో ఒక పాత యూనివర్సిటీ క్యాంపస్‌లో చిన్న స్థాయిలో జరుగుతోంది. ఏడు వందల యాభై మీటర్లు ఈది, ఇరవై కిలోమీటర్లు తొక్కి, ఐదు కిలోమీటర్లు పరిగెత్తాలి. అంతా రెండు గంటల్లో ముగిస్తేనే ఫలితాల్లో పేరు వేస్తారు. నాకు ఇదే మొదటి పోటీ.

నేను కర్నూలు బయట ఒక సబ్‌స్టేషన్‌లో ఇంజనీర్‌ని. క్వార్టర్స్‌లో ఒక్కడినే ఉంటాను. సాయంత్రాలు గడవక సైకిల్ కొన్నాను. సైకిల్ మీద కె.సి. కాలువ దాకా పోవడం, పోయాక నీళ్లలో దిగడం అలవాటయ్యాయి. వానాకాలంలో సైకిల్ పాడైనప్పుడు పరుగు మొదలైంది. ఏడాదిన్నర తర్వాత చూసుకుంటే మూడు పనులూ చేస్తున్నాను. ఒక్కటి కూడా ఇంకో మనిషి చూడగా చేయలేదు. ఒక్కసారైనా ఎవరో ఒకరు చూసి, నా పేరు పక్కన ఒక సమయం రాసిపెడితే బాగుండుననిపించింది. డబ్బు కట్టేశాను.

నిబంధనలు ఆ తర్వాతే చదివాను. పూల్ పొడవు ఇరవై ఐదు మీటర్లు, అంటే ముప్పైసార్లు ఈదాలి. ఈదేవాళ్లకు మధ్యలో లెక్క తప్పుతుంది కాబట్టి ఎవరికి వాళ్లు ఒక మనిషిని వెంట తెచ్చుకోవాలి. ఆ మనిషి గట్టు మీద కూర్చొని లెక్కపెడతారు. మనిషి లేనివాళ్లను నీళ్లలోకి దిగనివ్వరు. నాకెవరూ లేరని నిర్వాహకులకు రాస్తే, ‘ఫ్రెండ్స్‌లో ఎవరో ఒకరిని తీసుకురండి సర్’ అని జవాబిచ్చారు. హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒకే ఒక్క క్లాస్‌మేట్‌కు ఫోన్ చేశాను. వాడు పుణె వెళ్లిపోయి ఏడాది దాటిందట.

సరే, అక్కడే ఎవరినైనా వెతుక్కుందామని బయల్దేరాను.

సైకిల్‌కు లగేజీ చీటీ రాయించి సామాన్లు వేసే బ్రేక్ వ్యాన్‌లో వేశాను. సైకిల్ వెంట తీసుకెళ్లదలచినవాళ్లు గంట ముందే స్టేషన్‌కు చేరడం మంచిది. గద్వాలలో ఎక్కిన ఒక పెద్దాయన నా హెల్మెట్ చూసి విషయం కనుక్కున్నాడు.

“గింత దూరం సైకిల్ తీస్కపోతున్నవా? గాడ సైకిళ్లు దొర్కవా ఏంది?”

పోటీకని చెప్పాను.

“గెలిస్తే ఏమిస్తరు?”

“ఏమీ ఇవ్వరు. పేరు వేస్తారు.”

ఆయన చెప్పులు విప్పి బెర్తు మీద కాళ్లు చాపుకున్నాడు.

రెండున్నరకు కాచిగూడలో దిగి, స్టేషన్ బయటే పెడల్స్ బిగించుకుని నల్లకుంట, విద్యానగర్, అడిక్‌మెట్ వంతెన మీదుగా క్యాంపస్‌లోకి వచ్చాను. ఆదివారం దారి తెలియడానికి క్యాంపస్ రోడ్లన్నీ ఒకసారి తిరిగి, తార్నాక వైపు గేటులోంచి బయటపడ్డాను. మెయిన్ రోడ్డు వెనక లాడ్జిలో గది వెయ్యి రూపాయలు. సైకిల్ గదిలో పెట్టుకోనిస్తారు.

లాడ్జి మేనేజర్‌తోనే మొదలుపెట్టాను. రేపు పొద్దున ఐదింటికి ఒక్క గంట నాతో రాగలరా అని అడిగాను.

“ఐదు గంటలకా? భాయ్, నా పెండ్లి నాడే నేను ఏడింటికి లేచిన.”

రాత్రి భోజనానికి వెళ్లిన మెస్ యజమానిది గుంటూరు వైపు. ఆయన మర్యాదగానే విన్నాడు. “ఆదివారమండీ, బిర్యానీ ఆర్డర్లు. లేకపోతే మా కుర్రాణ్ణి పంపేవాణ్ణి” అని గోంగూర ఇంకాస్త వడ్డించాడు. గదికి వచ్చి పడుకున్నాను. పైన ఫ్యాను, పక్కన సైకిల్.

ఆదివారం ఐదు గంటలకే క్యాంపస్ గేటు దగ్గర నిలబడ్డాను. చలి గట్టిగా ఉంది. వాకింగ్‌కు వచ్చేవాళ్లు చాలామంది. మఫ్లర్ చుట్టుకున్న ఒకాయన నేను నోరు తెరవగానే, “పాలసీలు వద్దు బాబూ, ఆల్రెడీ మూడు కడ్తున్న” అని నడక వేగం పెంచాడు. హాస్టల్ కుర్రాళ్లు ఇద్దరు ఆగి మొత్తం విన్నారు.

“అన్నా, పైసలిస్తరా?”

“ఇస్తాను.”

“నీళ్ల పక్కన చలి పెడ్తది లే అన్నా.” నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

ఐదూ నలభై అయింది. ఇంకో ఇరవై నిమిషాల్లో పూల్ దగ్గర మనిషిని చూపించాలి. అప్పుడు చీర కింద స్పోర్ట్స్ షూస్ వేసుకుని, తలకు శాలువా కప్పుకున్న ఒకావిడ నా ముందు నుంచి పోతూ పోతూ ఆగింది. అరవై దాటి ఉంటాయి.

“ఏం నాయనా, ఇందాకటి నుంచి అందర్నీ ఏందో అడుగుతాండావు. మాట జూస్తే మా పక్కోడి మాదిరి ఉండాది?”

“కర్నూలమ్మా.”

“మాది ఆళ్లగడ్డ. ఏం గావాల?”

చెప్పాను. ఆవిడ శాలువా సర్దుకుంది.

“లెక్కపెట్టేదేనా? నన్ను నీళ్లలో దిగమనవు గదా?”

“లేదమ్మా. ముప్పై అయ్యేదాకా లెక్కపెడితే చాలు.”

“పద. ట్రెజరీ ఆఫీసులో జేసి రిటైరయినా. ముప్పై లెక్కపెట్టలేనా?”

ఆవిడ పేరు సుబ్బరత్నమ్మ. నడుస్తూ నా పేరు, జీతం, పెళ్లి కాకపోవడానికి కారణం అడిగి తెలుసుకుంది.

పూల్ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలు వరుసగా వేశారు. ఒకతని భార్య ఒళ్లో చంటిపిల్లతో కూర్చుంది. ఒకతని తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని నిలబడే ఉన్నాడు. ఇంకొకరి వెంట స్నేహితులు నలుగురు వచ్చారు. సుబ్బరత్నమ్మగారు నేను ఈదే లేన్ చివర కుర్చీ లాక్కుని, పర్సులోంచి ఒక కార్డు, పెన్సిల్ ముక్క తీశారు. గుడిలో ప్రదక్షిణలు చేసేటప్పుడు ఒక్కో చుట్టుకు ఒక్కో గడిలో టిక్కు పెట్టుకునే కార్డు అది. ముప్పైయో గడి దగ్గర అడ్డంగా గీత గీసి, సిద్ధమన్నట్టు నా వైపు చూశారు.

ఆరుంబావుకు విజిల్ వేశారు.

కాలువలో గోడలుండవు. నీటి వాలున పోయి, గట్టెక్కి నడిచి రావడమే నాకు తెలుసు. ఇక్కడ ప్రతి ఇరవై ఐదు మీటర్లకూ ఒక గోడ ఎదురవుతుంది, తిరగాలి, ఊపిరి సరిచూసుకోవాలి. మూడోసారికే లెక్క వదిలేశాను. రోజంతా కరెంటు మీటర్ల అంకెలు రాసుకునే ఉద్యోగం నాది. ఒక లెక్కను పూర్తిగా ఇంకొకరికి అప్పగించడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. చేతులు తేలికయ్యాయి. ఆవిడ ఉన్న గోడ దగ్గరికి వచ్చి తల పైకెత్తినప్పుడల్లా గొంతు వినబడేది.

“ఎనిమిది, నాయనా!”

ఇంతసేపు ఈది ఎనిమిదేనా అనిపించింది. అలసినవాడికి అలాగే అనిపిస్తుందిలే అనుకున్నాను.

“పన్నెండు! మెల్లగా, మెల్లగా!”

నా లేన్‌లో ఈదుతున్న ముగ్గురూ ఒక్కొక్కరే గట్టెక్కి సైకిళ్ల వైపు పరిగెత్తారు. గట్టివాళ్లనుకున్నాను.

“పంతొమ్మిది! బాగా పోతాండావు, నాయనా!”

పూల్ మొత్తంలో నేనొక్కడినే మిగిలాను. భుజాలు మొద్దుబారాయి. అయినా అటు గోడ తాకి తిరిగి వచ్చేటప్పుడు ఇటు గోడ దగ్గర ఒక మనిషి ఉందన్నది తెలుస్తూనే ఉంది. ఆ ధ్యాసతోనే ఈదాను.

విజిల్ మళ్లీ మోగింది. పూల్ జడ్జి గట్టు మీద వంగి చెయ్యి ఊపుతున్నాడు.

“తమ్మీ, ముప్పై అయిదు నిమిషాలైంది. ఈత టైం ఖతం. బయటికి రా. అమ్మా, ఎన్నయినయ్?”

“ఇరవై రెండు. ఇంకా ఎనిమిదే గదా, రెండు నిమిషాలు ఉండనీయప్పా.”

జడ్జి కార్డు తీసుకుని నన్ను చూశాడు, కార్డును చూశాడు.

“మీరు ఎట్ల లెక్కవెట్టిన్రమ్మా?”

“ఎట్లేముంది? పోయి తిరిగి నా కాడికొస్తే ఒకటి. గుడి చుట్టూ తిరిగొస్తే ఒకటి గాదా?”

మిగిలిన కుర్చీల్లోంచి నవ్వు పుట్టింది. జడ్జి కూడా నవ్వాడు. “పోతే ఒకటమ్మా, వస్తే ఇంకొకటి. తమ్మీ, నీది ఎప్పుడో అయిపోయింది. ఉరుకు!”

ఆవిడ ముఖం ఒక్క క్షణమే చూశాను. పెన్సిల్ చేతిలో అలాగే ఉంది. “అయ్యో నాయనా” అంది. మా సారుకు ఇన్సులిన్ వేసే టైమైంది, లేకుంటే ఉండేదాన్నని, తార్నాకలో ఫలానా మెడికల్ షాపు పైనే ఇల్లని, టిఫిన్‌కు తప్పకుండా రావాలని నా వెనకాల చెబుతూనే ఉంది.

క్యాంపస్ రోడ్డు మీద నాలుగు చుట్లు తొక్కాలి. మొదటి చుట్టులో నా ముందు ఎవరూ కనిపించలేదు. వేపచెట్ల కింద వాకింగ్ చేసేవాళ్లు నన్ను మామూలు సైకిల్ మనిషి అనుకుని దారి ఇవ్వలేదు. మలుపుల దగ్గర పోటీదారుల తాలూకు జనం పేర్లు పిలుస్తూ చప్పట్లు కొడుతున్నారు. నేను వచ్చేసరికి చేతులు దించేవారు. అది తప్పు కాదు, వాళ్లు ఎదురుచూస్తున్నది నా కోసం కాదు. మూడో చుట్టులో ఇద్దరిని దాటాను. పరుగులో ఒకతణ్ణి దాటాను, అతను కుంటుతున్నాడు. చివరి కిలోమీటరులో తొడ కండరం పట్టేసింది. ముగింపు గీత దాటేసరికి గాలి నింపి నిలబెట్టిన తోరణాన్ని దించేస్తున్నారు.

టైం చూసే అతను ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తాడు. “రెండు గంటల నాలుగు నిమిషాలు సర్. కటాఫ్ దాటింది.”

పక్కనే ఉన్న పూల్ జడ్జి కల్పించుకున్నాడు. “ఈతల కౌంటర్ మిస్టేక్ అయింది ఈయనకు. తమ్మీ, ఆ అమ్మను తోల్కరా. ‘నేను తప్పు లెక్కవెట్టిన’ అని నిర్వాహకుల ముందట ఒక్క మాట చెప్తే నువ్వు ఎక్కువ ఈదిన పదకొండు నిమిషాలు తీసేస్తం. పదకొండు గంటల దాంక ఈడనే ఉంటం.”

లాడ్జిలో స్నానం చేసి, గది ఖాళీ చేసి, మెడికల్ షాపు కనుక్కుని మెట్లెక్కేసరికి పది దాటింది. తలుపు ఆవిడ భర్త, ఆ సారే తీశారు. నన్ను చూడగానే లోపలికి కేక వేశారు.

“ఇదో, నీ ఈతగాడు వచ్చినాడు!” నన్ను కూర్చోబెట్టి ఆయన మొదలుపెట్టారు. “ముప్పై ఏండ్ల సర్వీసులో ఒక్క ఆడిట్ అబ్జెక్షన్ లేదని మా సుట్టాలందరికీ చెప్పేది. పొద్దున్నే పరాయి పిల్లోణ్ణి నీళ్లలో రెండింతలు తిప్పొచ్చింది. ట్రెజరీ గుట్టు ఇప్పుడు బయటపడింది.”

వంటింటి వైపు చూసి ఆయన గొంతు తగ్గించారు. “వచ్చినప్పటి నుంచి కాఫీ గూడా తాగలా.”

సుబ్బరత్నమ్మగారు ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తెచ్చి నా ముందు పెట్టారు. కూర్చోలేదు.

“నిజం చెప్పు నాయనా. నా మూలంగా నీకేమన్నా పోయిందా?”

గోడ గడియారంలో పదిన్నర. క్యాంపస్ ఐదు నిమిషాల దూరం. నేను రమ్మంటే ఆవిడ వెంటనే షూస్ వేసుకుని వచ్చేది, అందరి ముందూ ఆ మాట చెప్పేది. అందులో నాకు సందేహం లేదు.

“ఏం పోలేదమ్మా. టైములోనే అయింది.”

“ఎంతలో?”

“గంటా యాభై మూడు.”

పదకొండు నిమిషాలు తీసేస్తే వచ్చే లెక్క అదే. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇన్నారా?” అని సారును ఒక చూపు చూసి, నా ప్లేటులో ఇంకో బజ్జీ వేసింది. పదకొండు దాటేదాకా అక్కడే కూర్చున్నాను.

మధ్యాహ్నం మూడు గంటల రైలుకు కాచిగూడలో మళ్లీ పెడల్స్ విప్పాను. మహబూబ్‌నగర్ దాటాక ఫలితాలు ఫోనుకు వచ్చాయి. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివాను. నా పేరు లేదు. సోమవారం ఉదయం షిఫ్టు నాదే. ఎక్కడికెళ్లావని అడిగేవాళ్లు అక్కడ లేరు కాబట్టి ఏం చెప్పాలన్న సమస్య కూడా లేదు. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి సీట్లో ఎవరూ లేరు.

ఈ పోటీకి రాదలచినవాళ్లకు: కాచిగూడ నుంచి తార్నాక దాకా సైకిల్ మీదే రావచ్చు, దారి బాగుంది. పూల్ నీళ్లు చల్లగా ఉంటాయి. మీ వెంట వచ్చే మనిషికి పోతే ఒకటి, వస్తే రెండు అని ముందే చెప్పండి.

నేను ఆవిడ దగ్గరికి తిరిగి రావలసింది పదిహేనుసార్లు. ఆవిడ లెక్కపెట్టింది ఇరవై రెండుసార్లు.