గొడుగుల పెద్దమ్మ ఇచ్చిన ఉద్యోగాలు

ఖాళీగా నిలబడ్డ మనిషి కంటపడితే గొడుగుల పెద్దమ్మకు ఒంటిమీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుండేది. ఆవిడ ఇంటి ముందుగదిలోనే గొడుగులు తయారయ్యేవి. విరిగిన ఊచ బాగుచేయించుకుందామని ఎవరైనా ఆ గడప తొక్కారో, "ఇది కాస్త పట్టుకో నాయనా, ఇప్పుడే వస్తా" అని ఒక గొడుగు చట్రం చేతిలో పెట్టి లోపలికి వెళ్లేది. ఆ "ఇప్పుడే" ఎంతసేపో ఆవిడకే తెలియాలి. పాపం ఆ మనిషి మాత్రం ఎంతసేపని ఊరికే పట్టుకుంటాడు? ముందు ఒక మేకు బిగిస్తాడు. తర్వాత ఒక ఊచ సరిచేస్తాడు. పెద్దమ్మ తిరిగొచ్చేసరికి సగం గొడుగు తయారు.

రిటైరైన పోస్టుమాస్టరు అలాగే చిక్కాడు. ఆయన గొడుగు ఆ రోజే బాగుపడింది గానీ ఆయన మాత్రం ఏళ్లుగా వస్తూనే ఉన్నాడు, పేపరు చదువుకుంటూ, ఊచల కొసలకు తొడుగులు తగిలిస్తూ. వీధి మొగలో సెలూన్ నడిపే ఆయన బేరాల్లేని మధ్యాహ్నాల్లో వచ్చి పిడులు తుడిచేవాడు. పక్కింటావిడ దారాలు ఎక్కించేది. కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాడొకడు మీటరు మరిచిపోయి గుడ్డ కత్తిరించి వెళ్లాడని చెప్పుకునేవారు. నమ్మినవాళ్లు నమ్మారు, పెద్దమ్మను ఎరిగినవాళ్లకైతే ఆశ్చర్యమే కలగలేదు.

ఇక అసలు పని, అంటే గుడ్డ ముక్కల్ని కలిపి కుట్టి ఊచలకు బిగించడం, పెద్దమ్మ తోడికోడలిది. పెద్దమ్మ మరిది లారీ మీద ఊళ్లు తిరిగేవాడు, ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాడు. ఆ చిన్నకోడలు కుట్టిన గొడుగు ఎదురుగాలికి కూడా తిరగబడేది కాదు. వచ్చినవాళ్లందరికీ టీలు పెట్టేదీ ఆవిడే. ఇంత చేసినా ఆవిడ పని చేస్తోందని పెద్దమ్మకు ఏనాడూ తోచలేదు. ఇంటిమనిషి ఇంట్లో పని చేస్తే దాన్ని పని అంటారా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా పెద్దలు!

అంతా సాఫీగా సాగుతుండగా ఇంటి ఓనరు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. అల్లుడు సెల్‌ఫోన్ల దుకాణం పెడతాడట. మంచం కింద ఊచలు, అటక మీద గుడ్డ తానులు, ముందుగదిలో ఊరి జనం. ఈ సరంజామాకు అద్దె ఇల్లు ఎవడిస్తాడు? గొడుగులు ఆగిపోతాయేమోనని పెద్దమ్మకు మొదటిసారి భయం పట్టుకుంది.

అప్పుడే బస్టాండు వెనక ప్రభుత్వ సంస్థ ఒకటి షెడ్లు కట్టించింది. చిన్న పట్టణాల జనం పనుల కోసం బస్సులెక్కి పోకుండా ఊళ్లోనే ఉద్యోగాలు పుట్టించాలని ఆ సంస్థ పట్టుదల. ఊళ్లోవాళ్లకు ఐదుగురికైనా ఉద్యోగమిస్తే షెడ్డూ కుట్టు మిషన్లూ ఇస్తుంది, మొదటి ఏడాది జీతాల్లో సగం తానే భరిస్తుంది. పెద్దమ్మ ముఖం వెలిగిపోయింది. ఐదుగురేం ఖర్మ, సగం ఊరికి తానే పని ఇస్తోంది కదా!

తనిఖీకి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు బయటే విడిచాడు. కూర్చునేలోపే పెద్దమ్మ ఆయన చేతిలో చట్రం పెట్టింది.

"ఎంతమంది ఉద్యోగులండీ ఇక్కడ?" అన్నాడాయన.

"కళ్లెదుటే ఉన్నారుగా బాబూ. మీరే అడగండి."

ఆయన పోస్టుమాస్టరు వైపు తిరిగాడు. "మీకిక్కడ ఉద్యోగం ఎలా ఉందండీ?"

పోస్టుమాస్టరు ముఖం కందగడ్డయింది. "ఉద్యోగమా? నాకు పెన్షనొస్తుందయ్యా. పేపరు చదువుకోడానికొచ్చా."

"నాకు సొంత షాపుంది సార్, ఇక్కడికి కబుర్లకొస్తా" అన్నాడు సెలూన్ ఆయన, పిడి తుడుస్తూనే.

"మా టీవీ చెడిపోయిందండీ" అంది పక్కింటావిడ.

ఇంతలో చిన్నకోడలు టీ గ్లాసులతో వచ్చింది. వేలికి కుట్టుతొడుగు అలాగే ఉంది. గుమ్మం పక్కన విడిచిన ఆవిడ చెప్పు పిన్నీసుతో బిగించి ఉంది.

"మీరేం చేస్తుంటారమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"నేనేం చెయ్యనండీ. ఇంట్లోనే ఉంటా." ట్రే దించి, నెమ్మదిగా మళ్లీ అంది. "సోమవారం నుంచి చేస్తా. సిటీలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని దొరికింది. బస్సు టిక్కెట్టు కూడా తీసుకున్నాం, మా వీధివాళ్లం ఐదుగురం."

"నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమే?" అంది పెద్దమ్మ.

"చెప్దామని ఎన్నిసార్లొచ్చానో అక్కా. నోరు తెరిచేలోపే చేతిలో ఏదో ఒకటి పెట్టేదానివి."

ఆఫీసరు లేచాడు. "పెద్దమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఇక్కడ నాకు పని కనిపించింది గానీ ఉద్యోగం కనిపించలేదు. సాయంత్రం దాకా ఊళ్లోనే ఉంటా. ఏమైనా మారితే కబురు పెట్టండి." వీధిలోకి వెళ్లినవాడు వెంటనే వెనక్కొచ్చాడు. చట్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది, మూడు ఊచలు బిగించి మరీ.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ అందరి మీదా విరుచుకుపడింది. పోస్టుమాస్టరుకు పెన్షను పొగరన్నది, పక్కింటి టీవీ ఇక బాగుపడకూడదని శపించింది. తోడికోడలిని విశ్వాసం లేని మనిషి అన్నది. అందరూ ఒక్కొక్కరే జారుకున్నాక, ఏం, ఈమాత్రం నేను కుట్టలేనా అని సూది పట్టుకుంది. అవస్థపడి ఒక గొడుగు కుట్టి తెరిచి చూస్తే అది ఒకవైపు గూనిగా, ఒకవైపు మూతి వంకరగా విచ్చుకుంది.

ఆ గొడుగు కిందే కూర్చుండిపోయింది. విశ్వాసం లేనిది తోడికోడలా, తనా? మొన్నామధ్య చెప్పు తెగిపోతే పాపం ఆ పిల్ల "అక్కా" అని వచ్చి నిలబడింది. తను చేతిలో గుడ్డముక్క పెట్టి పంపింది. పిన్నీసు అందుకే వచ్చింది. పెద్దమ్మకు సిగ్గేసింది. ఆ పిల్ల లేని ఇల్లు తలుచుకుంటే ఏడుపూ వచ్చింది.

కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. చిన్నకోడలు సంచి సర్దుకుంటోంది.

"ఉండిపోవే."

"దేనికక్కా?"

"ఉద్యోగానికి. ఫ్యాక్టరీవాళ్లిచ్చే జీతమే ఇస్తా."

చిన్నకోడలు సర్దడం ఆపలేదు గానీ మడత పెట్టిన చీరనే మళ్లీ మడత పెట్టింది. "ఆదివారం సెలవు."

"సరే."

"నేల మీద కూర్చోను. కుర్చీ కావాలి."

"నడుం ఆనించుకునేదే కొంటా."

"నాతో వస్తున్న నలుగురినీ తీసుకోవాలి. కుట్టు నేనే నేర్పుతా. నేర్పినందుకు జీతం వేరే."

పెద్దమ్మకు ఒళ్లు మండింది. ఈ తెలివంతా ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందీ మనిషి? "సరేలేవే. ఇంకేమన్నా మిగిలిందా?"

"టీ పెట్టను. అది కుట్టుపనిలోకి రాదు."

అన్నిటికంటే ఇదే కష్టంగా తోచింది. అయినా పెద్దమ్మ తలూపింది. ఆఫీసరుకు కబురు వెళ్లింది. సోమవారం సిటీ బస్సు ఐదు ఖాళీ సీట్లతో కదిలింది.

షెడ్డు వచ్చింది, మిషన్లు వచ్చాయి. పోస్టుమాస్టరు పేపరుతో సహా అక్కడికీ వచ్చాడు. పదకొండు కొట్టగానే అందరూ అలవాటుగా చిన్నకోడలి వైపు చూశారు. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, తన మిషన్ వైపు చూసుకుంది. పెద్దమ్మే లేచి వెళ్లి టీ పెట్టి తెచ్చింది. పోస్టుమాస్టరు ఒక గుక్క తాగి గ్లాసు దించాడు.

"పెద్దమ్మా, ఇందులో టీపొడి కూడా వేస్తారు" అన్నాడు.

"పెన్షన్ వస్తుందిగా, హోటల్లో తాగు" అంది పెద్దమ్మ.

నెల తిరిగింది. జీతాలు పంచుతూ పెద్దమ్మ ప్రతి కవరూ రెండుసార్లు లెక్కపెట్టుకుంది. చట్రాలు పెట్టడం అలవాటైన చేతులకు జీతాలు పెట్టడం కొత్త. తోడికోడలు కవరు అందుకుని, ఒకసారి తన పాత చెప్పుల వైపు చూసుకుని లేచింది.

"ఎక్కడికే?" అనబోయింది పెద్దమ్మ. నోరు తెరిచేలోపే చేతిలోకి ఒక గొడుగు చట్రం వచ్చిపడింది.

"ఇది కాస్త పట్టుకో అక్కా, ఇప్పుడే వస్తా."

పిన్నీసు చెప్పుతో టకటకా బజారు వైపు వెళ్లిపోయింది. ఆ "ఇప్పుడే" ఎంతసేపో పెద్దమ్మకు బాగా తెలుసు. స్టూలు లాక్కుని కూర్చుంది. ఊరికే ఎంతసేపని పట్టుకుంటుంది? ముందు ఒక మేకు బిగించింది.