కాణిపాకంలో చేయించిన ప్రమాణం

గురువారం వసంతమ్మ మరమగ్గాల షెడ్డుకు ఒక పూట సెలవు పెట్టింది. నగరిలో పద్దెనిమిదేళ్లుగా నూలు కండెలు చుడుతున్న ఆమెకు పూట సెలవంటే రెండు వందల పది రూపాయల కోత. పొదుపు సంఘం ఆడవాళ్లకు డబ్బు దాచుకోవడం ఎట్లాగో నేర్పడానికి వస్తున్న జెస్సీ, మూడో క్లాసుకు ఇంట్లో ఉన్న బీమా బాండ్లన్నీ తెమ్మంది మరి.

వసంతమ్మ చీర అట్టపెట్టెలో అయిదు బాండ్లు తెచ్చింది. కాస్త గర్వంగానే తెచ్చింది. తమ్ముడు ఢిల్లీబాబు బీమా ఏజెంటు. ఏటా ఆగస్టులో ముప్పై వేలు అతని చేతిలో పెడుతోంది. అయిదేళ్లకు లక్షన్నర. దాంతో సొంతానికి ఒక పాత మరమగ్గం కొనాలని ఆమె ఆశ.

జెస్సీ ఒక్కొక్కటే తిరగేసి, మళ్లీ మొదటికొచ్చింది.

"అక్కా, ఇవి అయిదూ వేరే వేరే పాలసీలు. ఒక్కోటి పదిహేనేండ్లు కట్టాల."

"అదెట్లా పాపా? ఏటా బాండు మారస్తారంట గదా. మా తమ్ముడే చెప్పినాడు."

"మారచరక్కా. మొదటి నాలుగూ ఒక్కో కిస్తీతో ఆగిపోయినాయి."

పక్కనున్న నాగులమ్మ ఊరుకోలేదు. "మీ తమ్ముడి కొత్త బండి యాడ నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందిలే!" అని నవ్వబోయి, వసంతమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

జెస్సీ కంపెనీకి ఫోన్ చేసి నాలుగు నంబర్లూ చదివింది. నాలుగింటికీ ఒకటే జవాబు: తిరిగి వచ్చేది ఏమీ లేదు. కొత్త పాలసీకి మొదటి ఏడాది కట్టే డబ్బులో ఏజెంటుకు పెద్ద వాటా ఉంటుందని, పాతది కొనసాగితే వచ్చేది కొంచెమేనని జెస్సీ వివరించింది.

"అయిదోది చేతికొచ్చి పంతొమ్మిది రోజులే అక్కా. ముప్పై రోజుల్లోపల వద్దని రాసిస్తే, కొంచెం పట్టుకుని మిగతాది వాపసిస్తారు."

వసంతమ్మ చదవకుండా సంతకాలు పెట్టిన మాట నిజం. కానీ జాగ్రత్త పడలేదనడానికి లేదు. మొదటి ముప్పై వేలు ఇచ్చే ముందు తమ్ముణ్ణి కాణిపాకం తీసుకెళ్లి, కోనేట్లో స్నానం చేయించి, తప్పుడు ప్రమాణం చేస్తే వదలడని పేరున్న వినాయకుడి ముందు నిలబెట్టింది. అక్క డబ్బులో ఒక్క రూపాయి ముట్టనని అతను ప్రమాణం చేశాడు. ఆ తర్వాత ఇక కాగితం చదివేదేముంది అనుకుంది.

సాయంత్రం నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లింది.

"సామి ముందర ఏమన్నావురా?"

"మాట తప్పలేదక్కా. నీ దుడ్లు కంపెనీకే కట్టినాను. నాకిచ్చింది కంపెనీ. సామి మింద ఆన, నీ రూపాయి నేను ముట్టలా."

అతను దాన్ని నమ్మే అంటున్నాడు. ఆమెకు ఒళ్లు మండింది అక్కడే. అబద్ధమాడి ఉంటే నాలుగు తిట్టి వచ్చేది. దేవుడి దగ్గర తప్పు లేకుండా చూసుకుని మరీ ముంచాడు.

"అయిదోది రద్దు చేస్తాండా."

"వద్దక్కా! నా కమీషను వెనక్కి గుంజుకుంటారు. అది ఖర్చయిపోయినాది. నేను నీ తమ్ముణ్ణి గదా!"

"నేనూ అట్లే అనుకునింటి" అని లేచింది వసంతమ్మ.

మర్నాడు జెస్సీ రద్దు కాగితం తెచ్చింది. రెండు పేజీలు. వసంతమ్మ వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నలభై నిమిషాలు చదివి, అప్పుడు సంతకం పెట్టింది. వచ్చేది ఇరవై తొమ్మిది వేల రెండు వందలు. పాత మరమగ్గం ధర లక్షా నలభై వేలు.