తీజాకి వచ్చిన ఆడపడుచు

టాటీబంధ్‌లో సొంత ఇల్లున్న మనిషి అదే ఊళ్ళో ఉన్న మా గుఢియారీకి వచ్చి గది తీసుకోవడమేమిటని నాకు అనుమానం వచ్చింది. అరవై దాటిన ఛత్తీస్‌గఢీ ఆవిడ, చేతిలో చిన్న సంచీ. ఇంట్లో గొడవపడి వచ్చేసిందేమోనని మా ఆయన చెవిలో వేశాను.

"వచ్చినోల్లని విచారించడానికెట్టామేటి ఇది?" అని కసిరారు.

మామగారు రైల్వేలో రిటైరై కట్టిన ఇంట్లో పై రెండు గదులు అతిథులకిస్తున్నాం. పొద్దుటి ఫలహారం మాదే. ఛత్తీస్‌గఢ్ ఇంటి రుచులు, ఇంటి మర్యాదలు అని గేటుకు హిందీలో బోర్డు రాయించింది మా ఆయన. నిలబెట్టాల్సింది మాత్రం శ్రీకాకుళం అత్తాకోడళ్ళం! బియ్యప్పిండి అట్లు, ఆవిరి కుడుములు వాళ్ళ పద్ధతిలో నేర్చుకున్నాం. ఇక మాకు రానిదేముందన్నట్టు ఉండేవాళ్ళం.

ఒంటరిగా వచ్చిందని అత్తగారికి జాలేసింది. రాత్రి భోజనం కూడా మనతోనే అని పులిహోర, బూరెలు చేయించారు. బుట్టలో కాకరకాయలుంటే నేను తరగబోయాను.

"ఓలమ్మ! ఆడకూతురు ఇంటికొస్తే చేదు పెడతామేటి?" అని లాక్కుని బియ్యం డబ్బా వెనక పెట్టేశారు.

సాయంత్రం ఆవిడ భోజనానికి కూర్చుని, వంటింటివైపు చూసి, "కరేలా నహీ బనాయే?" అని అడిగింది. కాకరకాయ చేయలేదన్నాను. మొహం చిన్నబోయింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత చేసి పెడితే కాకరకాయ కోసం అలకా!

అలక కాదు. మెల్లగా చెప్పుకొచ్చింది. మర్నాడు తీజా. పెళ్ళయిన ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్ళి, భర్త క్షేమం కోసం మంచినీళ్ళైనా ముట్టకుండా ఉపవాసముంటారు. ముందురోజు సాయంత్రం పుట్టింటివాళ్ళు కాకరకాయ కూరతో అన్నం పెట్టాలి. తీజాకి మా వీధి కోడళ్ళంతా మాయమైపోవడం ఏటా చూస్తున్నదాన్నే, ఈ కూర సంగతే తెలియదు. సిల్తారా పక్కన ఆవిడ పుట్టిన ఊళ్ళో అమ్మానాన్నలు పోయారు, అన్నదమ్ములు ముందునుంచీ లేరు. అందరూ సంచులు సర్దుకుని వెళ్తుంటే ఏటా గుమ్మంలో నిలబడి చూసేదట. ఈసారి మొగుడికి చెప్పి, బోర్డు చూసి మా ఇంటికి వచ్చింది.

అత్తగారు లేచి బియ్యం డబ్బా వెనకనుంచి కాకరకాయలు తీసుకొచ్చారు. ముగ్గురం కూర్చుని తరిగాం. తీజా మర్నాడు, చవితి పొద్దున ఆవిడ ఉపవాసం విడిచేటప్పుడు, అత్తగారు పండక్కి తనకోసం కొనుక్కున్న చీర ఆవిడకి బొట్టు పెట్టి ఇచ్చేశారు.

మరుసటి ఏడు తీజా ముందు ఆవిడ ఫోన్ చేసింది.

"గది ఉంచమంటారా దీదీ?" అన్నాను.

తీజాకి ఆడపిల్ల తనంతట తాను రాదని, పుట్టింటినుంచి ఎవరైనా వచ్చి తీసుకెళ్ళాలని హిందీలో నసిగింది. అడిగినందుకు సిగ్గుపడి, "రహనే దో", పోనివ్వమని పెట్టేసింది.

సంగతి చెప్పగానే మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని స్కూటర్ తీశారు. ఎంత దూరమని! మధ్యాహ్నం దాటినా రారు. కంగారుపడి ఫోన్ చేశాను.

"ఇంకా బయల్దేరనేదు. చెయ్యొదిలితేనా? ఈధిలో ఇంటింటికీ తిప్పి తమ్ముడొచ్చాడని చూపిస్తంది."

వెనకనుంచి ఆవిడ గొంతు వినబడింది, ఎవరి గుమ్మంలోనో, తనని తీసుకెళ్ళడానికి తమ్ముడొచ్చాడని ఛత్తీస్‌గఢీలో, పెద్దగా:

"ఏ మోర్ భాయీ ఏ! మోలా లేగే బర్ ఆయ్ హే!"