పెద్దవ్వ తినని పింఛను

పెద్దవ్వ పోయిందని అవ్వ ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో, కాలేజీ మెట్ల మీద ఉన్నాను. "బిడ్డా, మీ పెద్దవ్వ లేస్తలేదు" అని మాత్రమే అంది. లేస్తలేదంటే ఏమిటని నేను మళ్ళీ అడగలేదు. అవ్వ వెనక ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తూనే ఉంది. కోరుట్ల బస్సు కొండగట్టు గుడి దాటుతుంటే, పక్కన కూర్చున్నామె చేతులు జోడించి దండం పెట్టుకుంది. నేను పెట్టుకోలేకపోయాను. అడగడానికి ఏమీ మిగల్లేదు.

మా వైపు కన్నతల్లిని అవ్వ, తండ్రిని బాపు అంటాం. అవ్వకు అక్క కాబట్టి ఆమె నాకు పెద్దవ్వ. అక్కాచెల్లెళ్ళిద్దరినీ ఒకే ఊరికిచ్చారు. నడుమ రెండే ఇళ్ళు. నేను పుట్టకముందే ఆమె భర్త, మా పెద్దబాపు, చనిపోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆమె ఫోటో ఏ పత్రికలోనూ రాదు కాబట్టి, ఆమె ఎలాంటిదో మీకు నేనే చెప్పాలి.

ఆమె బీడీలు చేసేది. ఒడిలో చేట, చేటలో తంబాకు పొడి, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. నేను ఎదురుగా కూర్చుని పాఠం పైకి చదివేదాన్ని. ఆమెకు చదువు రాదు. నచ్చిన మాట వస్తే మాత్రం చేతులు ఆగేవి. "గా మాట మల్లొక్కపారి చదువు బిడ్డా" అనేది. 'తొలకరి' అన్న మాటను ఒకరోజు మూడుసార్లు చదివించుకుంది. నా పుస్తకం ముట్టుకోవాలంటే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునేది. అయినా మా ఇంట్లో పాత పుస్తకాలన్నీ తంబాకు వాసనే వేస్తాయి.

ఆ పనికి ఒక కార్డు ఉంటుంది. కంపెనీవాళ్ళు ఇస్తారు, దాని మీదే పీఎఫ్ నంబరు. పెద్దవ్వకు కార్డు ఉంది. అవ్వ పెళ్ళై వచ్చేసరికి కొత్త కార్డులు ఇవ్వడం ఆపేశారు. దాంతో ఇరవై ఏళ్ళు ఇద్దరూ ఒక్క కార్డు మీదే చేశారు. మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఇదే పద్ధతి. కంపెనీ లెక్కలో ఒక్క మనిషి. చేతులు మాత్రం నాలుగు.

పెద్దవ్వకు మొదటినుంచీ వితంతు పింఛను వచ్చేది. తర్వాత బీడీ చేసేవాళ్ళకూ పింఛను ఇస్తున్నారని తెలిసి, ఆ కార్డు పెట్టి దానికీ దరఖాస్తు చేసింది. అది కూడా వచ్చింది. ఒక మనిషికి ఒకటే ఇవ్వాలన్న నిబంధన ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆమె లెక్క వేరు.

"గది మీ పెద్దబాపు పోయినందుకిస్తున్రు. గిది వేళ్లు అరిగినందుకిస్తున్రు. పోయిన మనిషి వేరు, అరిగిన వేళ్లు వేరు గాదా?" అని నన్నే అడిగింది.

ఆ వేళ్ళలో సగం అవ్వవి. అందుకే బీడీ పింఛను వచ్చిన రోజే ఆ రెండు వేల చిల్లర తెచ్చి అవ్వ చేతిలో పెట్టేది. ఒక్క రూపాయి ఉంచుకునేది కాదు. మస్కట్ నుంచి బాపు పంపేది అప్పుల మీద పెరిగే మిత్తికే పోయేది. నా హాస్టల్ ఫీజు, నా పుస్తకాలు, నేను కొనుక్కున్న మొదటి నిఘంటువు, అన్నీ ఆ పైసలతోనే.

మూడేళ్ళ తర్వాత పేర్లన్నీ ఆధార్‌తో సరిచూసినప్పుడు ఆమె రెండు పింఛన్లూ ఒకచోట కనబడ్డాయి. నోటీసు వచ్చింది. సెలవులకు వచ్చిన నాతో తలుపు దగ్గరికి వేయించి చదివించుకుంది. అనర్హురాలై ఉండి పొందిన సొమ్ము డెబ్బై రెండు వేల పైచిలుకు తిరిగి చెల్లించాలి. అంతవరకూ రెండు పింఛన్లూ ఆపడమైనది.

"అనర్హురాలంటే ఏంది బిడ్డా?"

"అర్హత లేదని."

"పింఛన్‌కేనా, అన్నిటికీనా?"

నేను నోటీసు ఆమె చేతికిచ్చాను. ఆమె కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది.

"మీ అవ్వకు చెప్పకు. నా మీద ఒట్టు. ఒక్క కార్డు మీద ఇద్దరం చేసినమంటే కార్డు పోతది, నోటీసు దానిక్కూడ వస్తది. అది పిరికిది. మీ బాపుకు చెప్తది. ఆయన ఆడ పరేషానయితడు. ఆఖరుకు నీ చదువు బంద్ వెడ్తరు."

మండలాఫీసుకు ఆమెతో నేనే వెళ్ళాను. వరుసలో మా ముందూ వెనకా అలాంటి నోటీసులతోనే ఉన్నారు. గుమస్తా చెడ్డవాడేం కాదు, అలసిపోయి ఉన్నాడు.

"రెండెట్ల తీసుకున్నవమ్మా? తప్పని తెల్వదా?"

"మీరే ఇస్తిరి, మీరే అడగవడ్తిరి. నాకేం తెలుస్తది సారూ?"

"పైసలేం చేసినవ్?"

"తిన్న."

"డెబ్బై వేలు ఒక్కదానివే తిన్నవా?"

"ఒక్కదాన్నే తిన్న సారూ. జర ఆకలెక్కువ నాకు."

వరుసలో అందరూ నవ్వారు. ఆమె బరువు నలభై కిలోలు కూడా ఉండదు. "ఏం తిన్నవే ముసలీ, జర మాక్కూడ చెప్పు" అని వెనకనుంచి ఎవరో అన్నారు. పెద్దవ్వ కూడా నవ్వింది. ఆ డబ్బుతో కొన్న చెప్పులు వేసుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను.

గుమస్తా బాకీ మాఫీ కోసం దరఖాస్తు రాసుకురమ్మన్నాడు. నాలుగుసార్లు రాశాను. కాలేజీలో కొత్తగా నేర్చుకున్న మంచి మాటలన్నీ ఏరి ఏరి పెట్టాను. నిస్సహాయురాలు, దయార్ద్ర హృదయం, మానవతా దృక్పథం. చదివి వినిపిస్తే పెద్దవ్వ శ్రద్ధగా విన్నది. "మస్తు రాసినవ్ బిడ్డా. నేనే అని నాకే తెలుస్తలేదు" అంది. అప్పుడు మెచ్చుకుంది అనుకున్నాను. ఆ కాగితంలో అన్ని మాటలూ ఉన్నాయి, పైసలు ఎవరికి చేరాయన్న ఒక్క మాట తప్ప. ఆ దరఖాస్తుకు జవాబు రాలేదు.

మీరు నమ్ముతారో లేదో, రెండు పింఛన్లూ ఆగిన తర్వాత కూడా అవ్వకు నెలనెలా డబ్బు ఆగలేదు. పెద్దవ్వ అదే రోజులకు, అంతే డబ్బు తెచ్చి అవ్వ చేతిలో పెట్టేది. "పింఛన్ వడ్డది చెల్లె" అనేది. ఎక్కడినుంచి తెచ్చేదో నాకు కొంతే తెలుసు. ఇత్తడి బిందెలు పోయాయి. దమ్ము, అంటే ఉబ్బసం, ఉన్నందుకు తంబాకు ముట్టొద్దని జగిత్యాల డాక్టరు చెప్పినా, మళ్ళీ చేట ముందేసుకుంది. దగ్గు వస్తే చేట పక్కకు పెట్టి, దగ్గి, మళ్ళీ ఒడిలోకి లాక్కునేది. దసరా సెలవుల్లో చూస్తే దమ్ముకు పీల్చే పంపు ఖాళీగా ఉంది.

"అయిపోయింది కదా పెద్దవ్వా, కొత్తది తేనా?"

దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపింది. "ఇంకున్నదే. జర గట్టిగ పీల్చాలె, గంతే. ఫికర్ చెయ్యకు. పోయి సదువుకో."

నేను పోయి చదువుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఒట్టు వేయించుకుంది కాబట్టి చెప్పలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చెప్తే నా చదువు ఆగుతుందన్న భయం నాకూ ఉందని ఆమె పోయాకే ఒప్పుకున్నాను.

దినాలు అయిన సాయంత్రం అవ్వకు అన్నీ చెప్పాను. బియ్యం డబ్బా జరిపి నోటీసు తీసి చదివాను. అవ్వ ఏడవలేదు. "మొన్న గూడ ఇచ్చిపాయె గదనే" అని, ఆ నెల డబ్బు దాచిన చిన్న మట్టి గురుగు వైపు చూసింది.

మరుసటి వారం మేమిద్దరం మండలాఫీసుకు వెళ్ళాం. అదే గుమస్తా. అవ్వ గురుగులోని ఆ నోట్లు బల్ల మీద పెట్టింది.

"మా అక్క తినలే సారూ. నేను తిన్న. నా పేరు రాసుకోండ్రి. నెలకింత కడ్త."

ఆయన కంప్యూటర్లో చూశాడు. "ఆమె చనిపోయినట్టు ఎక్కిందమ్మా. ఇగ ఆమె మీద బాకీ లేదు."

"ఆమె మీద లేకుంటే నా మీద ఉంటది గదా."

"నీ పేరే లేదిండ్ల. ఎవల పేరు మీద తీసుకోవాలె? ఇంటికి పో తల్లీ."

"గట్లయితే మా అక్క తినలేదని రాయుండ్రి."

ఆయన నోట్లు జాగ్రత్తగా అవ్వ వైపు జరిపాడు. అవ్వ వాటిని కొంగున ముడివేసుకుని బయటికొచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. నేను రమ్మన్నాను. రాలేదు. లోపల ఫ్యాన్లు ఒక్కొక్కటీ ఆగాయి. గుమస్తాలు బండ్లు తీసుకుని వెళ్ళిపోయారు. కిటికీలు మూసి, తలుపు దగ్గరికి వేసి, అటెండరు తాళం పట్టుకుని బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు.

"ఆఫీసు బంద్ అయింది గదమ్మా. ఎవలికోసం కూసున్నవ్?"

"మా అక్క పని మీద వచ్చిన" అంది అవ్వ.

అతనికి ఏం అర్థమైందో తెలియదు. తలుపుకు తాళం వేయకుండానే, తాళంచెవి చేతిలో పట్టుకుని, అవ్వకు కొంచెం ఎడంగా అదే మెట్టు మీద కూర్చున్నాడు.