మామ నేర్చుకున్న ప్రార్థన

ఈ ఉదయం మామ తెల్ల కాన్వాసు బూట్లు పెరటి గోడకు ఆనించి ఉన్నాయి. ఇంటికి వచ్చేటప్పుడు వేసుకుంటాడని నిన్న మధ్యాహ్నం అత్త ఉతికింది. ఇంకా తడి ఆరలేదు. తిరువళ్ళూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, మామ పోయాడని. నాకు ఏడుపు రాలేదు. బూట్లను ఎండలోకి జరిపాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మామ పటాలంలో పండిట్. సైనికులకు పూజలు చేయడం, ధైర్యం చెప్పడం, పోయేవాళ్ళ పక్కన కూర్చోవడం ఆయన ఉద్యోగం.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సెలవులో వచ్చి, మా కాన్వెంట్‌లో రోజూ చెప్పించే తమిళ క్రైస్తవ ప్రార్థన నేర్పమన్నాడు. పళ్ళిపట్టు నుంచి తిరుత్తణికి వెళ్ళే బస్సులో వల్లె వేస్తుంటే ముందు సీట్లోంచి అత్త తిరిగింది.

"నుదుట్న ఈబూది, నోట్లో పాదిరి జపమా? బస్సంతా నగతా ఉంది."

"నగనీలే. మంచు పడితే పాదిరి కొండ పైకి రాలేడు. ఆడ ఉండేది నేనొకణ్ణే. పిలకాయ పోయేటప్పుడు వాడింటి మాట చెవిన పడల్ల గదా." నా వైపు తిరిగి, "ఏమ్మా టీచరమ్మా, తర్వాతేంది?" అన్నాడు.

పక్క పటాలం మౌల్వీ దగ్గర ముస్లిం ప్రార్థన నేర్చుకున్నాడు. ఆ మౌల్వీ మామ దగ్గర గోవింద నామాలు నేర్చుకున్నాడు, మామ ఇచ్చిన విబూది పొట్లం జేబులో ఉంచుకునేవాడు. ఒక చలికాలం ఆ మౌల్వీ గాయపడ్డవాళ్ళ కోసం పైకి వెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరికినప్పుడు పొట్లం జేబులోనే ఉందని మామ చెప్పాడు.

నాగర్‌కోయిల్ సిపాయి పిల్లవాడి సంగతి కూడా ఒక్కసారే చెప్పాడు. గుండ్లు పడుతుంటే వెళ్ళి, అతణ్ణి భుజాన వేసుకుని వస్తూ ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయాడట. "మిగిలింది వాడే చెప్పినాడమ్మా" అన్నాడు.

రిటైరయ్యాక సాయంత్రాలు నాచేత పుస్తకాలు చదివించుకునేవాడు. కుర్చీ ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే వేసుకునేవాడు. "గట్టిగా చదువమ్మా, పుస్తకానికేం సిగ్గు లేదు" అనేవాడు.

నిన్న సాయంత్రం ఆసుపత్రిలో ఆయనకు మాట పడిపోయింది. అత్త నన్ను మంచం దగ్గరికి తోసింది.

"ఆయన చెవిలో ఏదన్నా చెప్పమ్మా. నాకు నోరు రాలా."

"ఏం చెప్పేది అత్తా?"

"నీకొచ్చింది చెప్పు."

మంత్రాలు నాకు రావు. కంఠతా వచ్చింది ఆ ప్రార్థన ఒక్కటే. వార్డులో అందరూ చూస్తున్నారు. వంగి చివరిదాకా చెప్పాను. మామ కళ్ళు తెరవలేదు. విన్నాడో లేదో తెలియదు.

కుడి చెవిలోనే చెప్పాను. ఆ పిల్లవాణ్ణి మోసుకొచ్చిన రోజు నుంచి ఆయనకు ఎడమ చెవి వినిపించేది కాదు.