అవ్వ దగ్గరికి పోయిన పిల్ల

ఒక మంచి నవలను పదిమందిలో పనికిమాలిన నవల అన్నారు. అన్నది చదువు రానివాళ్ళు కాదు, జీవితమంతా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైన టీచరమ్మ. అదీ ఒక్క మాట పట్టుకుని!

పోయిన ఏడాది వానాకాలం సంగతి ఇది. దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్ళకూ మధ్య ఇరుక్కున్న ఒక్క షటర్‌లో నాది కిరాయి పుస్తకాల షాపు. ఈ రోజుల్లో కూడా నవలలు కిరాయికి తీసుకుంటారా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే: వచ్చి చూడండి. చేతులు మారుతూ తిరిగే పుస్తకాన్ని మేం రన్నింగ్ అంటాం. అరలో చోటు తింటూ కదలనిది డెడ్ స్టాక్. ఏది ఏదవుతుందో చాలాసార్లు తేల్చేది నా చీటీ. కొత్త నవల ఏది వచ్చినా ముందు నేనే చదువుతాను. చదివి, నా అభిప్రాయం చీటీ మీద రాసి అట్టకు అంటిస్తాను. జనం అట్ట మీది బొమ్మ కంటే ముందు ఆ చీటీ చూస్తారు.

ఆ నెలలోనే ఒక లారీ డ్రైవర్ నవలకు "మొదటి అరవై పేజీలు ఎల్బీనగర్ చౌరస్తాలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఓపిక పట్టండి, తర్వాత బండి ఆగదు" అని రాశాను. ఒక హత్య నవలకు "హంతకుడు వంటవాడని ముందే కనిపెట్టాను. అయినా వాడి చేపల పులుసు కోసం ఆఖరుదాకా చదివాను" అని రాస్తే ఇద్దరు నన్ను కొట్టినంత పని చేశారు. తప్పు నాదే, ఒప్పుకుంటాను.

ఇక ఆ మూడో నవల! నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక కొత్త రచయిత్రిది. తల్లి తన కూతురిని చిన్నప్పుడే పట్నంలో ఉన్న పెద్దమ్మకు పెంచుకోవడానికి ఇచ్చేస్తుంది. ఊళ్ళో తల్లి, ముసలి నాయనమ్మ మిగులుతారు. ఆ పిల్లకు తల్లి మీద కోపం. పెరిగేకొద్దీ కోపమూ పెరుగుతుంది. తల్లిని క్షమిస్తుందా, లేదా? ఆఖరి పేజీలో బస్సెక్కుతుంది. కండక్టర్ "ఎక్కడికమ్మా?" అంటుంది. "మా అవ్వ దగ్గరికి" అంటుంది పిల్ల. ఆ మాట నవల మొత్తంలో అక్కడొక్కచోటే వస్తుంది. అంతే, నవల అయిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. పట్టపగలు షటర్ సగం దించి, ఆ పేజీ మళ్ళీ చదివాను. మా ఊళ్ళో అవ్వ అంటే అమ్మ. నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించి పట్నానికి పనికి తోలింది మా అవ్వే. నాకూ ఆమె మీద చాన్నాళ్ళు కోపం ఉండేది. తర్వాత గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్‌లో పెట్టెలు మోస్తూ, వాటిలో పరిచి వచ్చే పాత వారపత్రికల సీరియళ్ళు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఒక్క కథకూ ముగింపు దొరికేది కాదు. అలాంటివాడికి ఇంత మంచి ముగింపు దొరికితే ఊరుకుంటాడా? "ఈ ఏడాది నేను చదివినవాటిలో ఇదే నంబర్ వన్. ఆఖరి మాటకు ఏడవకపోతే నన్ను అడగండి" అని చీటీ రాశాను.

మొదట తీసుకుంది సుబ్బలక్ష్మి గారు. తెనాలి నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన ఆ టీచరమ్మ వెనకే, పొద్దున పార్కులో నడిచే ఆడవాళ్ళంతా నా షాపుకు వస్తారు. వారం తిరక్కుండా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏవండీ సత్తయ్య గారూ, దీనికా మీరు ఏడ్చింది? పుస్తకం పొడుగూతా తల్లి కోసం ఎదురుచూసేట్టు చేసి, చివరికి పిల్లని నాయనమ్మ దగ్గరికి పంపించేసింది. తల్లిని క్షమించనే లేదు. మా పార్కులో అందరికీ చెప్పేశాను, చదవొద్దని."

"నాయనమ్మ ఎక్కడిదమ్మా? అవ్వ అంటే అమ్మ!"

"నిఘంటువు చూడండి. అవ్వ అంటే ముసలావిడ, నాయనమ్మ."

"మా అవ్వను నిఘంటువు చూసిందా?"

పుస్తకం మారుద్దామని వచ్చిన కండక్టర్ భాగ్యమ్మ మా ఇద్దరి మధ్య నిలబడింది. డిపోలో బండి కోసం ఎదురుచూస్తూ నవలలు చదివే మనిషి.

"జర ఆగుర్రి ఇద్దరు. మా తల్లిగారింట్ల అవ్వంటే అమ్మనే. మా అత్తగారింట్ల నాయనమ్మను అంటరు. పదిమైళ్ళు లేదు నడుమ."

"నువ్వు ఏ దిక్కు మాట్లాడుతున్నవే?" అన్నాను.

"బస్సు దిక్కు" అంది.

నవ్వులాటగానే ఉంది కానీ ఆ నవల కదలడం ఆగిపోయింది. పార్కు నుంచి ఒక్కరూ అడగలేదు. అంతకంటే ఘోరం, హాస్టల్ పిల్లలు నా మిగతా చీటీలు చూసి కూడా "ఇదైనా సరిగ్గా అర్థమైందా తాతా?" అనడం మొదలుపెట్టారు. నా మాట మీద నడిచే షాపు అది. రక్తం మరిగింది. సుబ్బలక్ష్మి గారి ముందే అనేశాను: "రాసినామెనే అడుగుదాం. తప్పు నాదైతే ఇంక ఏ పుస్తకానికీ చీటీ అంటించను." ఆమె తక్కువ తిన్నారా! "తప్పు నాదైతే పార్కులో అందరిచేతా అదే నవల చదివిస్తాను" అన్నారు.

భాగ్యమ్మ ఫేస్‌బుక్‌లో ఆ రచయిత్రిని పట్టుకుంది. నేను చెబుతుంటే తన ఫోన్‌లో టైపు చేసింది. మా అవ్వ సంగతి కూడా చెప్పాను. "గింత పొడుగా?" అంటూనే అంతా పంపింది.

జవాబు రాలేదు. వచ్చేదాకా కొత్త పుస్తకాలకు చీటీలు బంద్ పెట్టాను. చదువుతూనే ఉన్నాను, ఒక్కో నవల ముగిశాక చెయ్యి కలం వైపు పోతుంది, వెనక్కి లాక్కుంటాను. ఎంత హింసో! బతుకమ్మ పండుగ వెళ్ళాక ఒక సాయంత్రం భాగ్యమ్మ డ్యూటీ బట్టల్లోనే ఉరుకుతూ వచ్చింది. అప్పటికి సుబ్బలక్ష్మి గారు షాపులోనే ఉన్నారు. "నేనే చదువుత, ఇద్దరు ఇనుర్రి" అని ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"పెద్దయ్యా, నమస్తే. ఆలస్యమైంది, మాఫ్ చేయుర్రి. టీచరమ్మ చెప్పిందే కరెక్ట్. మా ఇంట్ల అవ్వంటే నాయనమ్మ. నేను రాసేటప్పుడు ఆ పిల్ల పోయింది నాయనమ్మ దగ్గరికే. తల్లిని క్షమించుడు నాతోని కాలే. కానీ మీ మెసేజ్ మా అమ్మకు చదివి వినిపిస్తే, ఆమె 'గా పెద్దమనిషి చదివినట్టు నువ్వెందుకు రాయలేదే?' అని అడిగింది. రెండో ముద్రణకు పుస్తకం పోతున్నది. అవ్వ అన్న మాట అట్లనే ఉంచాల్నా, నాయనమ్మ అని దిద్దాల్నా? మీ అభిప్రాయం రాసి పంపుర్రి. అచ్చుకు పంపకుండ ఆగిన."